సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, ప్రోగ్రామర్ పనితనం: గోదావరి జిల్లాల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి సెలవుల్లోనూ, పెళ్లి భోజనాల్లోనూ, రావులపాలెంలో బస్సు దిగగానే ఎదురుపడిన పలకరింపుల్లోనూ ఇవే ప్రశ్నలు. అడిగేవాళ్లు మారుతున్నారు, సందేహాలు మారడం లేదు. చాలా ఏళ్లుగా ఈ పరిశ్రమలో ఉన్నాను, ఇప్పుడు కోనసీమలోనే ఉంటూ పనిచేస్తున్నాను. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి, జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తి, ఎక్కడ నుంచైనా చదువుకోవచ్చు. అంకెలు 2025 చివరినాటివి.

## ఇంటర్ అయ్యాక

ఏఐ వచ్చేసింది కదా, ఇప్పుడు పిల్లవాడిని కంప్యూటర్ సైన్స్‌లో చేర్చడం దండగ కాదా?

దండగ కాదు. అయితే చేరిన ప్రతివాడికీ ఉద్యోగం దొరికిన రోజులు అయిపోయాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం నాస్కామ్ అంచనాల ప్రకారం 2021-22లో మన దేశపు టెక్నాలజీ రంగం నికరంగా నాలుగున్నర లక్షల మందిని కలుపుకుంది. 2023-24 వచ్చేసరికి అది 60 వేలకు పడిపోయింది. 2024-25లో మళ్లీ 1.26 లక్షలకు లేచింది. మొత్తం పనిచేసేవాళ్లు 58 లక్షలు. అంటే పరిశ్రమ చిక్కిపోలేదు, కొత్తవాళ్లను తీసుకునే వేగం తగ్గింది. దానికి ఏఐ ఒక్కటే కారణం అనడమూ సరికాదు. కరోనా కాలంలో అవసరానికి మించి తీసుకున్నారు. ఆ తర్వాత అమెరికాలో వడ్డీ రేట్లు పెరిగి అక్కడి ఖాతాదారులు ఖర్చు బిగించారు.

పిల్లవాడికి లెక్కలంటే ఇష్టం ఉండి, ఒక చిక్కుముడి పట్టుకుని గంటసేపు కదలకుండా కూర్చోగలిగితే చేర్చండి. పక్కింటి అబ్బాయి చేరాడన్నదే కారణమైతే మానేయండి. నాలుగేళ్ల తర్వాత ఆ పక్కింటి అబ్బాయితోనే పోటీ పడాలి.

మేనేజ్‌మెంట్ సీటుకు లక్షలు కట్టాలా, కౌన్సెలింగ్‌లో వచ్చిన కాలేజీ చాలా?

కొబ్బరితోట అమ్మి సీటు కొనాలనుకునేవాళ్లు ముందు ఒక లెక్క వేసుకోవాలి. క్యాంపస్‌లో ఎక్కువమందికి వచ్చేది ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూ ఉండే ప్యాకేజీ. హైదరాబాద్‌లో హాస్టల్, తిండి, ప్రయాణం పోను అందులో మిగిలేది చాలా తక్కువ. అమ్మిన తోట మళ్లీ కొనడానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే చూసుకోండి.

కాలేజీ వాళ్లు దారి పొడవునా పెట్టే హోర్డింగుల మీద అంకెలు నమ్మకండి. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లు వస్తే మూడు ఉద్యోగాలుగా లెక్కవేస్తారు. ఆఫర్లు ఎన్ని అని అడగకుండా, నిరుడు బయటకు వెళ్లిన బ్యాచ్‌లో ఎంతమంది నిజంగా చేరారు, మధ్యలో నిలిచే విద్యార్థికి వచ్చిన జీతం ఎంత అని అడగండి. జవాబు దాటవేస్తే అదే జవాబు. కాకినాడ యూనివర్సిటీ కాలేజీలో గానీ, భీమవరంలో 1980 నుంచి ఉన్న ఎస్ఆర్‌కేఆర్ లాంటి పాత కాలేజీలో గానీ సీటు వస్తే ఒక లాభం ఉంది: ముందు బ్యాచ్‌ల వాళ్లు అన్ని కంపెనీల్లోనూ కనిపిస్తారు, పలకరిస్తే పలుకుతారు. ఆ లాభం లేని చోట లక్షలు పోయడం నాకు నచ్చని పని.

ఏఐ, డేటా సైన్స్ అని పేరున్న బ్రాంచి తీసుకుంటే మంచిదా?

పేరులో పెద్ద మహత్యం లేదు. డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్, నెట్‌వర్క్స్ బాగా చెప్పే అధ్యాపకులు ఉన్నారా అన్నది చూడండి. మామూలు సీఎస్ఈ చదివినవాడు తర్వాత డేటా సైన్స్‌లోకి వెళ్లవచ్చు.

## కాలేజీలో ఉన్నప్పుడు

జావా నేర్చుకోవాలా, పైథానా?

ఏదైనా ఒకటి. కానీ ఆ ఒక్కటీ తడుముకోకుండా రాయగలగాలి, రాసింది ఎక్కడ తప్పిందో ఎవరి సాయమూ లేకుండా వెతికి పట్టుకోగలగాలి. నాలుగు భాషల్లో తలా ఒక సర్టిఫికెట్ ఉన్నవాళ్లకంటే ఒక్క భాషలో రెండేళ్లు తలబాదుకున్నవాడు ఇంటర్వ్యూలో నిలబడతాడు.

ప్రాజెక్టు మొత్తం ఏఐతో చేయిస్తే తప్పా?

చేయించడం తప్పు కాదు. చేయించాక అర్థం చేసుకోకపోవడమే తంటా. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు మీ తెర మీద ఏం కనిపిస్తుందో పట్టదు. ఈ టేబుల్ ఇలా ఎందుకు విడగొట్టావు, ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే ఏమవుతుంది, నెట్ మధ్యలో పోతే సగం రాసిన లెక్క ఏమవుతుంది అని అడుగుతారు. ఏఐ రాసిన ప్రతి వరుసకూ మీరు పూచీ పడగలిగితే ఎవరు టైపు చేశారన్నది అనవసరం.

ప్రాజెక్టు ఎంచుకోవడంలో మన పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. అందరూ లైబ్రరీ మేనేజ్‌మెంటో, సినిమా టికెట్ల బుకింగో చేస్తారు. చుట్టూ ఇన్ని చెరువులు, ఇన్ని తోటలు పెట్టుకుని! భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల చెరువు ఉన్న బంధువు ఎవరికైనా ఒకరుంటారు. మేత ఎంత వేశారు, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, కౌలు ఎంత, పట్టుబడి ఎంత వచ్చింది అన్నది ఇప్పటికీ చాలామంది నోటు పుస్తకంలోనే రాసుకుంటారు. దాన్ని ఫోనులోకి తెచ్చి చూడండి. వెంటనే నిజమైన చిక్కులు వస్తాయి. ఉదాహరణకు రొయ్యల ధర కౌంట్ మీద ఉంటుంది. 30 కౌంట్ అంటే కిలోకు 30 రొయ్యలు, 100 కౌంట్ అంటే కిలోకు 100. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. ఈ సంగతి తెలియకుండా "పెద్దది ముందు" అని వరుస పెట్టిన ప్రోగ్రాం మీ మావయ్యకు తలకిందుల జాబితా చూపిస్తుంది. చెరువు గట్టు మీద ఎండలో అక్షరాలు కనపడటం లేదంటాడు, తడి చేతులతో నొక్కితే పనిచేయడం లేదంటాడు. నెల రోజులు ఆయన వాడి, విసుక్కుని, మీరు దిద్ది, మళ్లీ ఆయన వాడితే, ఇంటర్వ్యూలో మాట్లాడటానికి గంటకు సరిపడా సరుకు ఉంటుంది. ఏఐకి కౌంట్ సంగతి తెలియవచ్చు. మీ మావయ్య సంగతి తెలియదు.

బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి, ఇక దారి మూసుకుపోయినట్టేనా?

పెద్ద సర్వీస్ కంపెనీలు (వేరే కంపెనీల పని కాంట్రాక్టుకు చేసిపెట్టేవి) చాలావరకు పదో తరగతి, ఇంటర్, బీటెక్ అన్నింటిలో 60 శాతం అడుగుతాయి, చేరేనాటికి మిగిలిపోయిన సబ్జెక్టులు ఉండకూడదంటాయి. కాబట్టి ముందు అవి రాసి వదిలించుకోండి. చిన్న కంపెనీలు మార్కులు పెద్దగా పట్టించుకోవు, పని చూపించమంటాయి. రెండో దారి నిదానం, అంతే.

తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు రాకపోతే ఎలా?

ధారాళంగా మాట్లాడటం కన్నా తేటగా రాయడం ముఖ్యం. ఉద్యోగంలో రోజంతా చేసేది రాతే: ఏం పాడైంది, ఎప్పటి నుంచి, ఏం చేసి చూశాను, ఇంకేం కావాలి. ఈ నాలుగూ చిన్న చిన్న వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకోండి. ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకోకండి, అవతల ఫోనులో ఉన్నవాడి యాస మనకు మాత్రం అర్థమవుతోందా?

## ఉద్యోగం వెతికేటప్పుడు

మొదటి జీతం ఇన్నేళ్లుగా మూడున్నర లక్షల దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

మన పెద్ద సర్వీస్ కంపెనీలు అమ్మేది ప్రధానంగా మనుషుల గంటలు. అమెరికా ఖాతాదారుడికి ఒక ప్రోగ్రామర్ గంటకు ఇంత అని బిల్లు వేస్తాయి. కింద చాలామంది కొత్తవాళ్లు, మధ్యలో కొంతమంది, పైన కొద్దిమంది ఉంటేనే ఆ లెక్కలో లాభం మిగులుతుంది. కింది వరుస చౌకగా ఉండాలి. ఏటా లక్షల మంది ఇంజనీరింగ్ పట్టాతో బయటకు వస్తుంటే ఆ వరుస జీతం పెంచాల్సిన అవసరం వాళ్లకు రాలేదు. పదేళ్ల క్రితం కూడా మూడు లక్షలకు పైగానే ఇచ్చేవాళ్లు. మధ్యలో హైదరాబాద్ అద్దెలు ఎక్కడికి వెళ్లాయో అందరికీ తెలుసు.

అయితే అదే కంపెనీలో రెండో ద్వారం ఉంటుంది. టీసీఎస్‌లో నింజా పేరుతో చేరితే 3.36 లక్షలు, డిజిటల్ పేరుతో చేరితే 7 లక్షలు. తేడా అంతా పరీక్షలో ప్రోగ్రామింగ్ భాగం దగ్గరే. మూడో సంవత్సరం నుంచి దాని మీద కూర్చుంటే రెట్టింపు జీతంతో మొదలవుతారు.

ఇంకో దారి, విదేశీ కంపెనీలు ఇక్కడ సొంతంగా పెట్టుకున్న కేంద్రాలు. 2024 నాటికి దేశంలో ఇవి 1,700 దాటాయి, అందులో 350కి పైగా హైదరాబాద్‌లోనే. వీటిలో గంటల బిల్లు గొడవ ఉండదు. కొత్తవాళ్లను తక్కువ తీసుకుంటారు, రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్ల కోసం మాత్రం వెతుక్కుంటూ వస్తారు.

ఆఫర్ లెటర్ వచ్చింది, చేరే తేదీ మాత్రం రావడం లేదు. ఎన్నాళ్లు ఎదురుచూడాలి?

ఒక్కరోజు కూడా ఊరికే ఎదురుచూడకండి. 2022 బ్యాచ్‌లో కొందరు ఆఫర్ చేతిలో పెట్టుకుని రెండేళ్లు కూర్చున్నారు. ఆఫర్‌ను దాచుకుని, వెతకడం ఆపకుండా, ముందు ఏది నిజంగా పిలిస్తే అందులో చేరండి. చేరాక కూడా శిక్షణ పరీక్షలు ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో మైసూరులోని ఒక పెద్ద శిక్షణ కేంద్రం నుంచి, మూడు అవకాశాల్లోనూ పరీక్ష దాటలేదంటూ 300 మందికి పైగా పంపించేశారు.

రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మవద్దు. ఉద్యోగం ఇచ్చే కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు, ఎవరి చేతా తీసుకోనివ్వదు. మధ్యవర్తి మన ఊరివాడే అయినా, మన కులంవాడే అయినా, మీ బావమరిది స్నేహితుడే అయినా సరే. చూపించే ఆఫర్ లెటర్లు దొంగగా ముద్రించుకోవడం చాలా తేలిక.

దీనికి అన్నలాంటిది దొంగ అనుభవం. కోర్సు చేయించి, మూడేళ్లు ఎక్కడో పనిచేసినట్టు కాగితాలు పుట్టిస్తారు. పట్టుకోవడం ఎలాగో చెబుతాను. నిజమైన ఉద్యోగికి ప్రావిడెంట్ ఫండ్ యూఏఎన్ నంబరు ఉంటుంది, అందులో ఏ యజమాని ఏ నెల నుంచి ఏ నెల వరకు డబ్బు జమచేశాడో ఉంటుంది. జీతంలో పన్ను కోసి ఉంటే ఫారం 26ఏఎస్‌లో కోసినవాళ్ల పేరు ఉంటుంది. తనిఖీ చేసే సంస్థలు ఈ రెండూ అడుగుతున్నాయి. చేరేటప్పుడు దాటినా, ఏడాదిన్నర తర్వాత తనిఖీలో దొరికి అదేరోజు బ్యాడ్జి అప్పగించి బయటకు నడిచినవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత నిజంగా చేసిన ఏడాదిన్నర అనుభవానికీ విలువ ఉండదు.

ఇప్పటికే కట్టేసి ఉంటే: చెల్లింపు రసీదులు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకండి. ఆన్‌లైన్‌లో పంపితే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. నగదు అయితే స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, మోసం కేసు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందకు వస్తుంది. పరువు పోతుందని ఊరుకునేవాళ్ల వల్లే ఈ వ్యాపారం సాగుతోంది.

ఇన్నేళ్ల దాకా మానేయనని బాండ్ రాయమంటున్నారు. సంతకం పెట్టవచ్చా?

బాండ్ చెల్లదని ఎవరో చెప్పింది విని సంతకం పెట్టకండి. 2025 మేలో సుప్రీంకోర్టు, మూడేళ్లకు ముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును సమర్థించింది. ఉద్యోగం మానకుండా ఎవరూ మిమ్మల్ని కట్టిపడేయలేరు, కానీ సహేతుకమైన మొత్తం అడిగే హక్కు వాళ్లకు ఉండవచ్చు. కాబట్టి ఎంత మొత్తం, ఎన్నేళ్లు, ఏడాది గడిచేకొద్దీ తగ్గుతుందా అన్నవి చదవండి. అసలు సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే మాత్రం లేచి వచ్చేయండి.

## ఉద్యోగంలో చేరాక

ప్రోగ్రామర్ పనితనం ఎలా కొలుస్తారు? ఎక్కువ కోడ్ రాసినవాడే గొప్పా?

ఇది పరిశ్రమ పుట్టినప్పటి నుంచి ఉన్న తగవు. 1982లో యాపిల్‌లో లీసా కంప్యూటర్ తయారవుతున్నప్పుడు, ప్రతి ఇంజనీరూ ఆ వారం ఎన్ని వరుసల కోడ్ రాశాడో ఫారంలో నింపాలని మేనేజర్లు పెట్టారు. బొమ్మలు గీసే భాగం రాస్తున్న బిల్ అట్కిన్సన్ ఆ వారం పాత కోడ్‌ను తిరగరాసి, వేగం పెంచి, దాదాపు రెండు వేల వరుసలు తగ్గించాడు. ఫారంలో మైనస్ 2000 అని రాసి ఇచ్చాడు. కొన్ని వారాల తర్వాత ఆయన్ను ఆ ఫారం నింపమనడం మానేశారు.

"మంచి ప్రోగ్రామర్ మామూలువాడికి పది రెట్లు" అన్న మాట 1968 నాటి ఒక ప్రయోగం దాకా వెళుతుంది. సాక్‌మన్, ఎరిక్సన్, గ్రాంట్ అనే పరిశోధకులు అనుభవం ఉన్న కొద్దిమంది ప్రోగ్రామర్లకు ఒకే పని ఇచ్చి చూస్తే, తప్పులు వెతికే సమయంలో అందరికన్నా చురుకైనవాడికీ అందరికన్నా నిదానమైనవాడికీ 28 రెట్ల తేడా కనిపించింది. అయితే అందరూ ఒకే పరిస్థితుల్లో పనిచేయలేదు, కాబట్టి ఆ తేడా మొత్తాన్ని మనుషుల మీద వేయలేం. తేడా ఉన్నమాట నిజం, అంకెను పట్టుకుని ఊగనక్కరలేదు.

మన సర్వీస్ కంపెనీల్లో కాగితం మీద కొలిచేది వేరు: ఎన్ని గంటలు బిల్లు అయ్యాయి, ఎన్ని టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు, మూశారు. కానీ టీం లీడ్ మనసులో ఇంకో పట్టిక ఉంటుంది. ఎవరికి పని అప్పగిస్తే మళ్లీ అడగనక్కరలేదు, ఎవరి మార్పు శుక్రవారం సాయంత్రం పంపినా నిద్రపట్టేది, ఎవరు ఇరుక్కుంటే రెండు రోజులు దాచకుండా అదేరోజు చెబుతారు. అప్రైజల్‌లోనూ, మనుషులను తగ్గించేటప్పుడూ పనికొచ్చేది ఆ రెండో పట్టికే.

ఏఐతో రెండింతలు పని అవుతుందంటున్నారు, నిజమా?

పనిని బట్టి ఉంటుంది. కోడ్ రాయడంలో సాయపడే ఏఐ సాధనం గిట్‌హబ్ కోపైలట్ మీద జరిగిన ఒక ప్రయోగంలో 95 మందికి జావాస్క్రిప్ట్‌లో ఒక చిన్న వెబ్ సర్వర్ రాయమని ఇచ్చారు. సాధనం ఉన్నవాళ్లు సగటున 71 నిమిషాల్లో, లేనివాళ్లు 161 నిమిషాల్లో ముగించారు. ఇది ఒకవైపు. 2025 జూలైలో మెటర్ అనే సంస్థ వెలువరించిన పరిశీలనలో, 16 మంది అనుభవజ్ఞులకు, వాళ్లు ఏళ్ల తరబడి పనిచేస్తున్న పెద్ద ప్రాజెక్టుల్లోనే 246 పనులు ఇచ్చారు. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. విచిత్రం ఏమిటంటే, తమ పని 20 శాతం వేగంగా అయిందని వాళ్లు నమ్మారు.

రెండూ నిజమే. కొత్తగా, చిన్నగా, ప్రపంచంలో వెయ్యిమంది ఇప్పటికే రాసిన లాంటి పని ఏఐ చకచకా చేస్తుంది. పదిహేనేళ్లుగా పెరిగిన బ్యాంకు ప్రోగ్రాంలో ఒక మూల మార్చాలంటే, అది ఇచ్చినది సరైనదో కాదో చూడటానికే పొద్దు గడిచిపోతుంది. సాధనాలు నెలనెలా మెరుగుపడుతున్నాయి కాబట్టి ఈ అంకెలు మారతాయి. వేగంగా అనిపించడానికీ వేగంగా కావడానికీ మధ్య దూరం ఉందన్నది గుర్తుంచుకుని, మీ పనిలో మీరే గడియారం పెట్టి చూసుకోండి. కొత్తగా చేరినవాళ్లకు నా సలహా: మొదటి ఏడాది తప్పులను ముందు మీరు వెతకండి, దొరక్కపోతేనే దాన్ని అడగండి. ఆ వెతుకులాటే మీ అసలు శిక్షణ.

పొద్దున్నుంచి రాత్రి పదకొండు దాకా కూర్చుంటున్నా పని తెమలడం లేదు. ఏం చేయాలి?

ముందు ఆ గంటలు ఎటు పోతున్నాయో ఒక వారం రాసుకోండి. చాలామందికి కోడ్ రాసే సమయం రోజులో రెండు మూడు గంటలు దాటదు. మిగతాది మీటింగులు, చాట్‌లో జవాబులు, అమెరికా వాళ్లు లేచేదాకా ఎదురుచూపులు. ఉదయం అవతలివాళ్లు నిద్రపోయే సమయం మనకు దొరికిన వరం. ఆ మూడు గంటలు చాట్ మూసి కష్టమైన పని పెట్టుకోండి. మార్పులు చిన్న చిన్నవిగా పంపండి. వెయ్యి వరుసల మార్పును ఎవరూ శ్రద్ధగా చదవరు, యాభై వరుసలైతే అదే పూట చదివి పంపుతారు.

పని ఆలస్యమైందని మేనేజర్ ఇంకో నలుగురిని తెచ్చి పెడితే ఇంకా ఆలస్యం అవుతుంది. ఐబీఎంలో 1960ల్లో పెద్ద ఆపరేటింగ్ సిస్టమ్ కట్టించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే ఈ సంగతి తేల్చాడు. అయిదుగురు ఉంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు పది. పదిమంది అయితే నలభై అయిదు. కొత్తవాళ్లకు నేర్పేది కూడా పాతవాళ్లే కదా. ఈ లెక్క మేనేజర్‌కు మర్యాదగా చూపించండి, ఒక్కోసారి వింటారు.

బెంచ్ మీద ఉన్నాను. ఉద్యోగం పోతుందా?

బెంచ్ అంటే మీ గంటలకు కొనేవాడు లేడని. మునుపు నెలల తరబడి జీతం ఇచ్చి కూర్చోబెట్టేవాళ్లు. 2025 జూన్‌లో టీసీఎస్ ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లు కావాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు అని నియమం పెట్టింది. కాబట్టి మొదటి వారం నుంచే కదలండి. లోపల ఖాళీలు ఏ నైపుణ్యానికి ఉన్నాయో చూసి దానికి దగ్గరగా మీ రెజ్యూమే దిద్దుకోండి, పాత లీడ్‌లకు ఫోను చేయండి, ఊరు మారమంటే వెంటనే కాదనకండి. అదే సమయంలో బయట కూడా వెతకండి. రాజీనామా చేయమని నోటిమాటగా ఒత్తిడి తెస్తే, అదే మాట ఈమెయిల్‌లో పంపమనండి. కాగితం మీద ఏం ఇస్తారో తేలకుండా సంతకం పెట్టవద్దు.

లాభాలు వస్తున్నా ఉద్యోగులను ఎందుకు తీసేస్తున్నారు? ఇలాంటి గడ్డుకాలం ఇదివరకు వచ్చిందా?

వచ్చింది, ఒకటికి మూడుసార్లు. 2001లో డాట్‌కామ్ బుడగ పేలినప్పుడు అమెరికా నుంచి తిరిగొచ్చినవాళ్లు మన ఊళ్లలో నెలల తరబడి ఉన్నారు. 2008లో బ్యాంకులు కూలాయి. అది తేరుకోకముందే, 2009 జనవరి 7న భీమవరం ప్రాంతం నుంచి వెళ్లిన రామలింగరాజు తన సత్యం కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకున్నారు. అప్పుడు అందులో 50 వేల మంది దాకా పనిచేసేవాళ్లు. మన జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఎంతమందో. ప్రభుత్వం కొత్త బోర్డును వేసింది, అదే ఏడాది టెక్ మహీంద్రా దాన్ని కొనుక్కుంది. పని తెలిసినవాళ్లు చాలామంది సర్దుకున్నారు, పెళ్లిళ్లు ఆగినవాళ్లూ ఉన్నారు.

ఇప్పటిది కొంచెం వేరు. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే రెండు శాతం సిబ్బందిని తగ్గిస్తామన్నప్పుడు దెబ్బ ఎక్కువగా తగిలింది మధ్య, పై వరుసల వాళ్లకు. పనిచేసేవాళ్ల లెక్కలు చూడటమే పనిగా ఉన్న మేనేజర్ గంటలు కొనడానికి ఖాతాదారులు ఇష్టపడటం లేదు. నలభై దాటినవాళ్లు కోడ్ పూర్తిగా వదిలేయకూడదని నేను చెప్పేది అందుకే. రోజూ రాయనక్కరలేదు, కానీ ఎదుటివాడు రాసింది చదివి తప్పు పట్టగలగాలి. బ్యాంకింగ్, బీమా, ఆసుపత్రుల పని ఏదో ఒకటి లోతుగా తెలిసి ఉండాలి. అదనంగా, ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉంచుకోండి. స్థలాల మీద పెట్టినది లెక్కలోకి రాదు, అవసరానికి అది అమ్ముడుపోదు.

## ఊరికి తిరిగి వచ్చాక

కోనసీమలో ఉంటూ హైదరాబాద్ ఉద్యోగం చేయవచ్చా?

చేయవచ్చు, కంపెనీ ఒప్పుకుంటే. ఇప్పుడు చాలా కంపెనీలు వారంలో రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్నాయి, కాబట్టి నోటిమాట నమ్మి ఇల్లు ఖాళీ చేయకండి.

ఇక్కడి ఇబ్బందులు చెప్పాలి. ఫైబర్ ఒక్కటి చాలదు. ఈదురుగాలికి కొబ్బరి మట్ట పడినా తెగుతుంది. రెండో కంపెనీ సిమ్‌తో ఒక రౌటర్, నాలుగు గంటలు ఆగే ఇన్వర్టర్ తప్పనిసరి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటింది. అలాంటి హెచ్చరిక వచ్చినప్పుడు ముందురోజే లీడ్‌కు చెప్పి, పని ఎవరికైనా అప్పగించి ఉంచాలి. ప్రకృతి ఒక్కటే కాదు: 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ నిలిపేసినప్పుడు, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు లాప్‌టాప్ పట్టుకుని సిగ్నల్ దొరికే చోటికి, పొరుగు జిల్లాలకు పరుగెత్తారు. రాజమండ్రిలోనో కాకినాడలోనో రెండు రోజులు తలదాచుకోవడానికి ఒక చోటు ముందే అనుకుని ఉంచుకోండి.

ఇంట్లోవాళ్లకు చెప్పాల్సింది కూడా ఉంది. తలుపు వేసి ఉంటే పని జరుగుతోందని, గ్యాస్ బండ వచ్చిందని పిలవకూడదని. ఇది నెట్ సమస్యకన్నా కష్టం.

కాకినాడకో విశాఖకో ఈ ఉద్యోగాలు వస్తాయా?

కాకినాడలో ఇంజనీరింగ్ సేవల కంపెనీ సైయెంట్‌కు చాలాకాలంగా కేంద్రం ఉంది. దాని వ్యవస్థాపకుడు బీవీఆర్ మోహన్‌రెడ్డి చదివింది కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలోనే. అలాంటివి ఇంకా రావాలి గానీ, ఇప్పటికి జోరంతా విశాఖ వైపు ఉంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం టీసీఎస్‌కు అక్కడ 21.16 ఎకరాలను 99 పైసలకే కేటాయించింది. అదే ఏడాది అక్టోబరులో గూగుల్ 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం ప్రకటించింది. ఈ రెండూ ఒకటి కాదని గమనించండి. ఆఫీసులో ప్రోగ్రామర్లు కూర్చుంటారు. డేటా కేంద్రంలో కట్టేటప్పుడు చాలామందికి పని ఉంటుంది, కట్టాక కరెంటు, చల్లదనం, భద్రత చూసే కొద్దిమంది చాలు. ఎలక్ట్రికల్, మెకానికల్ చదివినవాళ్లకు అది మంచి కబురు.

## ఇంట్లో పెద్దల సందేహాలు

అమెరికా పంపించడం ఇప్పుడు మంచిదేనా?

అప్పు చేసి పంపేవాళ్లు కొంచెం ఆగి ఆలోచించాలి. హెచ్‌1బీ వీసాలు (అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చేవి) కంపెనీలకు కొత్తగా ఏటా 85 వేలే, ఎక్కువమంది అడిగితే లాటరీ. 2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు దేశం బయట ఉన్నవాళ్ల కోసం పెట్టే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. దాంతో ఇక్కడి నుంచి నేరుగా ఉద్యోగం మీద తీసుకెళ్లేవాళ్లు తగ్గుతారు. ఎంఎస్ చదవడానికి పంపాలంటే, అక్కడ ఉద్యోగం దొరక్కపోయినా ఇక్కడి జీతంతో అప్పు తీర్చగలమా అన్నది ముందు లెక్క వేయండి. తీర్చగలిగితే పంపండి.

సంబంధం చూస్తున్నాం. అబ్బాయి ప్యాకేజీ 20 లక్షలంటున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

ప్యాకేజీ వేరు, నెలకు చేతికొచ్చేది వేరు. ఆ 20లో కంపెనీ కట్టే ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, కంపెనీ బాగుంటేనే ఇచ్చే బోనస్, చేరినప్పుడు ఒక్కసారి ఇచ్చిన మొత్తం, నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వచ్చే షేర్లు అన్నీ కలిసి ఉండవచ్చు. నెలకు బ్యాంకులో పడేది ఎంత అని అడగండి, అది అబద్ధమాడటం కష్టమైన అంకె. ఇంకా కచ్చితంగా కావాలంటే ఫారం 16 ఉంటుంది, ఏడాది మొత్తం జీతం, కోసిన పన్ను అందులో ఉంటాయి.

పెళ్లిచూపుల్లో కాగితాలు అడగడం బాగుండదంటారా? అయితే అబ్బాయినే పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పని చేస్తావు బాబూ, మీ ఖాతాదారుడు ఎవరు, నువ్వు రాసింది ఎవరు వాడతారు అని అడగండి. పని తెలిసినవాడు మీకు అర్థమయ్యేలా చెబుతాడు. ఇంట్లోంచి పనిచేస్తున్నాడని, పగలు లుంగీలో కనిపిస్తున్నాడని అనుమానించకండి. అతని షిఫ్టు సాయంత్రం మొదలవుతుందేమో కనుక్కోండి.